ఇంకుడు గుంతలో పూడిక ఎవరు తీస్తారు?

[ప్రెజెంటర్ కెమెరా ముందు]

నమస్కారం. కాలేజీ పిల్లలు పల్లెల్లో చేసే పర్యావరణ ప్రాజెక్టుల గురించి ఎవరిని కదిపినా ఒకటే మాట: "స్టూడెంట్స్ వెళ్లి ఊళ్లోవాళ్లకి అవగాహన కల్పిస్తారు." ఆ 'అవగాహన' వినగానే నాకు ఒళ్లు మండుతుంది. ఎండాకాలం రోజూ బిందె పట్టుకుని నీళ్లకి తిరిగే ఆవిడకి, నీటి విలువ మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు మైకులో ఉపన్యాసం ఇవ్వడమేంటండీ?

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) మీకు తెలిసిందే. 1969లో 37 విశ్వవిద్యాలయాలతో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వచ్చి, ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు ఊళ్లను చూసుకోవాలంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ వాళ్లకైతే వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు, 4 క్రెడిట్లు. రోజుకి ఆరు గంటలు వేసుకున్నా ముప్ఫై రోజులు. గంటలకి లోటేమీ లేదు. మరి లోటెక్కడ? ఒక ఇంకుడు గుంత తీసుకుని చూద్దాం.

[స్క్రీన్ మీద: గుంత అడ్డకోత బొమ్మ]

బోరింగు దగ్గర నీళ్లు నిలిచి బురద, దోమలు. మన బ్యాచ్ వెళ్లి పక్కన గుంత తవ్వింది. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక. నీళ్లు చక్కగా ఇంకుతున్నాయి. ఫొటో దిగారు, వెనకాల ఫ్లెక్సీ. పర్యావరణ ప్రాజెక్టుకి ప్లాస్టిక్ ఫ్లెక్సీ ఎందుకో నన్ను అడక్కండి.

ఇప్పుడు ఆ నీళ్లతో పాటు గుంతలోకి ఇంకేం పోతోందో చూడండి. గిన్నెలు తోమిన బూడిద, సబ్బు జిడ్డు, వానకి కొట్టుకొచ్చిన ఒండ్రు. అదంతా ఇసుక పొరలో ఇరుక్కుంటుంది. టీ వడపోసే జల్లెడలో పొడి పేరుకుంటే టీ దిగదు కదా, అంతే. జల్లెడ మూసుకుపోయిందని మనం 'జల్లెడ పథకం విఫలం' అని రాయం. దులిపి, కడిగి, మళ్లీ పెడతాం. గుంతకీ అదే కావాలి. పై ఇసుక తీసి కడగాలి, లేదా మార్చాలి. ముందు ఒక చిన్న తొట్టి కట్టి మట్టి అక్కడే ఆగేలా చేస్తే ఆ పని తగ్గుతుంది. కానీ ఆ తొట్టి కూడా ఎవరో ఒకరు ఎత్తిపోయాలిగా. ఎవరు? వంటింటి జల్లెడకైతే ఇంట్లో మనిషి ఉంటుంది. ఈ జల్లెడ పెట్టినవాళ్లు జూన్‌లో హాస్టల్‌కి వెళ్లిపోయారు!

నన్నడిగితే భాగస్వామ్యం అంటే ఈ ప్రశ్నకి జవాబు దొరకడమే. అదీ గునపం పట్టకముందు దొరకాలి.

అసలు గుంత ఎక్కడ తవ్వాలో కూడా ఊరే చెప్పాలి. ఎర్ర నేలలో నీళ్లు తొందరగా దిగుతాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, పగుళ్లు మూసుకుపోయి, నీళ్లని పైనే నిలబెడుతుంది. అక్కడ ఇదే గుంత దోమల తొట్టి అవుతుంది. రెండు వీధుల మధ్యే నేల మారిపోవచ్చు, అది అక్కడి రైతుకి తెలుసు. నమ్మకం కుదరకపోతే జానెడు గుంట తీసి, ముందు బాగా తడిపి, మళ్లీ నీళ్లు పోసి, ఒక పుల్లకి గీత పెట్టి గంటలో ఎంత దిగిందో చూడండి. సివిల్ డిపార్ట్‌మెంట్ దాకా వెళ్లక్కర్లేదు. ఇంకోటి, మురుగు ఇంకే గుంతని మంచినీటి బావి పక్కన మాత్రం తవ్వకండి.

[స్క్రీన్ మీద: ముగ్గుతో గీసిన ఊరి మ్యాప్]

నాకు బాగా నచ్చే పద్ధతి ఇది. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, ముగ్గుపిండి ఊళ్లోవాళ్ల చేతికే ఇచ్చి, "మీ ఊరు గీయండి" అంటారు. మగవాళ్లు మొదలుపెడితే ముందు గుడి, బడి, పంచాయతీ ఆఫీసు పడతాయి. ఆడవాళ్లని కూర్చోబెడితే ఏ కుళాయికి నీళ్లు రావు, వానాకాలం ఏ సందులో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి, అవి కూడా పడతాయి. అందుకే ఇద్దరి చేతా విడివిడిగా గీయించాలి. మీరు పక్కన నోరు మూసుకుని ఫొటో తీసుకోండి. స్టూడెంట్‌కి అన్నిటికంటే కష్టమైన పని ఆ నోరు మూసుకోవడమే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

తవ్వడం మీ పని కాకపోవచ్చు. ఊళ్లలో ఇంకుడు గుంతలు ఉపాధి హామీ కింద ఎన్నేళ్లుగానో తవ్వించారు. కూలి డబ్బులు వచ్చే పనిని మీరు ఉచితంగా చేసిపెట్టడం సేవ కాదు. మీరు మ్యాప్, నేల పరీక్ష, గుంతల జాబితా చూసుకోండి.

పూడిక తీసే బాధ్యత పంచాయతీ సిబ్బందిదా, ఎదురింటివాళ్లదా, డ్వాక్రా సంఘానిదా? సర్పంచ్ గారి ముందే పేరు రాయించండి. 'గ్రామస్తులు' అని రాశారంటే ఎవరూ తీయరు.

రిపోర్టు ఇంగ్లీషులో రాసి కాలేజీకి ఇచ్చేస్తారు. ఊరికి తెలుగులో రెండు పేజీలు ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శి చేతికి సెప్టెంబర్‌లోపే అందాలి, ఎందుకంటే అక్టోబర్ 2న గ్రామసభలు పెడతారు, వచ్చే ఏడాది పనుల ప్రణాళిక మీద మాటలు మొదలయ్యేదీ అప్పుడే.

చివరిగా, ఏటా కొత్త ఊరు వద్దు. మళ్లీ అదే ఊరు అడగండి. కొత్త బ్యాచ్ మొదటి రోజే పాత గుంతల్లో పుల్ల పెట్టి పూడిక ఎంతుందో కొలిచి లాగ్‌బుక్‌లో రాయాలి. కొత్త గుంతకి ఒక మార్కు వేస్తే, పాతది శుభ్రం చేయించినందుకు రెండు వేస్తారేమో మీ మెంటర్‌ని అడిగి చూడండి.

వచ్చే వీడియోలో మొక్కలు నాటే ప్రాజెక్టులు. పోయినేడు మీ కాలేజీ నాటిన వాటికి ఇప్పుడు నీళ్లు ఎవరు పోస్తున్నారో ఈలోపు కనుక్కుని ఉంచండి.