తాళాలిచ్చారు, ఓసీ రాలేదు: కొత్త ఫ్లాట్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. అపార్ట్‌మెంట్ పని పూర్తిగా అవ్వకముందే, ఓసీ, అంటే భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రాకముందే అందులోకి దిగుతున్నవాళ్ల కోసం ఈ కార్యక్రమం. స్టూడియోలో ఒక న్యాయవాది, ఒక సివిల్ ఇంజనీర్ ఉన్నారు. బిల్డర్ల పేర్లు మాత్రం లైన్‌లో చెప్పకండి. మొదటి కాల్ తెల్లాపూర్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. మాది పద్నాలుగో అంతస్తు. అద్దె ఇంటి అగ్రిమెంటు ఈ నెలాఖరుతో అయిపోతోంది. బిల్డర్ ఆఫీసువాళ్లేమో తాళాలిస్తాం, పొసెషన్ లెటర్ మీద సంతకం పెట్టి దిగిపోండి, ఓసీ రెండు నెలల్లో వచ్చేస్తుంది అంటున్నారు. టవర్‌కి బయట రంగులే పడలేదు. క్లబ్‌హౌస్ ఇంకా పిల్లర్ల దగ్గరే ఉంది. దిగొచ్చా?

న్యాయవాది: సంతకం పెట్టేశారా?

కాలర్: లేదు మేడమ్, శనివారం రమ్మన్నారు.

న్యాయవాది: అయితే మంచిపని చేశారు. తాళాలు తీసుకోవడం వేరు, పొసెషన్ తీసుకోవడం వేరు. 2016 రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా, సెక్షన్ 19(10) ప్రకారం కొన్నవాళ్లు ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు స్వాధీనం తీసుకోవాలి. ఆ గడువు ఓసీ వచ్చిన రోజు నుంచే లెక్క. ఓసీ లేకుండా రమ్మంటే మీరు వెళ్లకపోయినా తప్పు మీది కాదు.

ఇప్పుడు ఆ లెటర్‌లో ఏముందో చదవండి. "ఫ్లాట్‌ను పూర్తి సంతృప్తితో స్వీకరించాను, బిల్డర్ మీద నాకు ఎలాంటి క్లెయిమ్ లేదు" అనే వాక్యం దాదాపు ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది. అది కొట్టేయించండి. ఒప్పందంలో ఇచ్చిన తేదీ దాటితే సెక్షన్ 18 కింద నెలనెలా వడ్డీ అడిగే హక్కు మీకుంది. తెలంగాణ రూల్స్‌లో అది ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కి, అంటే బ్యాంకు అప్పుల మూల వడ్డీ రేటుకి, 2 శాతం కలిపినంత. ఆ వాక్యం కింద సంతకం పెట్టారంటే వడ్డీ లెక్క ఆ రోజుతో ఆగిపోయిందని వాళ్ల లాయరు వాదిస్తాడు. ఇంకోటి, కట్టడంలో లోపాలకు బిల్డర్ బాధ్యత పొసెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లు. సిమెంటు ఆరకముందే తేదీ వేయించుకుంటే ఆ ఐదేళ్లలో కొంత బిల్డర్ పని చేస్తూండగానే కరిగిపోతుంది.

కాలర్: కానీ ఇల్లు ఖాళీ చేయాలి కదండీ.

న్యాయవాది: తప్పదంటే దిగండి, కాగితం మాత్రం మార్చుకోండి. "ఇంటీరియర్ పనుల కోసం, తాత్కాలికంగా తాళాలు తీసుకున్నాను" అని రాయండి. ఓసీ పెండింగ్‌లో ఉందని, మిగిలిపోయిన పనులు ఇవీ అని, ఆలస్యపు వడ్డీ హక్కు వదులుకోవడం లేదని, మెయింటెనెన్స్ ఓసీ వచ్చాకే మొదలని అందులో ఉండాలి. వాళ్ల స్టాంపు, సంతకం తీసుకుని కాపీని ఈమెయిల్ చేయండి, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో కూడా పంపండి. సేల్స్ కుర్రాడు వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలు బొమ్మని కాగితం అనుకోవద్దు.

ఇంకా ఒకటి చూడాలి. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168, ప్రకారం కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డర్ మున్సిపాలిటీకో, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకో తనఖా పెడతాడు. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాట్ ఆ పది శాతంలో ఉంటే ఓసీ దాకా రిజిస్ట్రేషన్ కాదు. ఈసీ, అంటే ఆస్తి మీద ఉన్న తనఖాలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయించి తనఖా డీడ్‌లో ఫ్లాట్ నంబర్లు చూసుకోండి. పద్నాలుగో అంతస్తు అంటున్నారు, మామూలుగా కింది అంతస్తుల్లోవే పెడతారు. అయినా చూడండి.

యాంకర్: కరెంటు, నీళ్ల సంగతేంటి మేడమ్?

న్యాయవాది: అదే జీవోలో ఓసీ లేని భవనానికి రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదని, ఇస్తే ఓసీ చూపేదాకా టారిఫ్‌కు మూడింతలు వసూలు చేయొచ్చని ఉంది. మీ పేరు మీద, మీ సర్వీస్ నంబరుతో మీటరు వచ్చిందా, లేక బిల్డర్ తన కన్‌స్ట్రక్షన్ కనెక్షన్ నుంచి లాగి ఇస్తున్నాడా అని అడగండి. రెండోదైతే యూనిట్‌కి ఎంత తీసుకుంటాడో ముందే రాయించుకోండి.

ఇంజనీర్: నాదో మాట. మీ అంతస్తులో ఫైర్ హైడ్రెంట్ వాల్వ్ తిప్పించి చూడండి. నీళ్లు ప్రెషర్‌తో రావాలి. రెండు మెట్లదారులూ కింద దాకా ఖాళీగా ఉండాలి. పెయింటు డబ్బాలు, టైల్స్ పెట్టెలు పేర్చి ఉంటే అవి తీసేదాకా ఆ టవర్‌లో రాత్రి పడుకోవద్దు.

యాంకర్: తర్వాత ఎల్బీనగర్ నుంచి ఒకమ్మ.

కాలర్: నమస్కారం బాబూ. మా అబ్బాయి కొత్త ఫ్లాట్‌కి పంతులుగారు ముహూర్తం పెట్టేశారు, తెల్లవారుజామున నాలుగూ పదికి. బిల్డరేమో పని కాలేదంటున్నాడు. మళ్లీ మూఢం వస్తుందట. పాలు పొంగించుకుని వచ్చేస్తే చాలు మాకు.

న్యాయవాది: చేసుకోవచ్చమ్మా. "ఫలానా తేదీన పూజ కోసం మాత్రమే అనుమతి, స్వాధీనం ఇవ్వలేదు" అని బిల్డర్ ఇచ్చే ఒక్క పేజీ లెటర్ చాలు. మధ్యాహ్నం తాళాలు తిరిగిచ్చి సంతకం తీసుకోమనండి అబ్బాయిని.

ఇంజనీర్: హోమం ఉందామ్మా?

కాలర్: గణపతి హోమం, వాస్తు హోమం.

ఇంజనీర్: అయితే హోమగుండాన్ని టైల్స్ మీద నేరుగా పెట్టొద్దు. కొత్త టైల్ కింద సిమెంటు బెడ్‌లో ఇంకా తేమ ఉంటుంది, వేడికి టైల్ లేచి టప్‌మని పగులుతుంది. ముందు రెండు వరుసల ఇటుకలు, వాటిమీద మూడు అంగుళాల ఇసుక, ఆపైన గుండం. తలపైన సీలింగ్‌లో మంటలొస్తే నీళ్లు చల్లే స్ప్రింక్లర్ ఉందేమో చూడండి. ఎర్ర గాజుబుడ్డి ఉన్నది 68 డిగ్రీలకు పగులుతుంది. అది పొగకు పగలదు, వేడికే పగులుతుంది. కాబట్టి గుండాన్ని దానికి దూరంగా, కిటికీ వైపు జరపండి. స్ప్రింక్లర్‌కి ప్లాస్టర్ చుట్టడం లాంటివి చేయొద్దు. పొగ డిటెక్టర్ వేరే, ఆ ఫ్లాట్ జోన్‌ను పూజ సేపు ఆపి తర్వాత మళ్లీ ఆన్ చేయమని సూపర్‌వైజర్‌కి ముందురోజే చెప్పండి. గ్యాస్ పైపు కనెక్షన్ ఉండదు, 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకెళ్లండి. నాలుగు గంటలకు పంపు ఆపరేటర్ ఉండడు, రాత్రే రెండు డ్రమ్ములు నింపించుకోండి. లిఫ్ట్ ఆపరేటర్ ఎవరో, అతని ఫోన్ నంబరేంటో కూడా కనుక్కోండి.

కాలర్: ఆవుని తీసుకొస్తామన్నారు బాబూ.

ఇంజనీర్: ఆవు లిఫ్టెక్కదమ్మా. గేటు దగ్గరే పూజ చేయించండి.

యాంకర్: కొండాపూర్ లైన్‌లో ఉన్నారు.

కాలర్: సార్, మేం దిగి ఆరు వారాలైంది. 60 ఫ్లాట్లలో 9 మాత్రమే నిండాయి. పైన రోజంతా గ్రానైట్ కటింగ్. పాపకి మూడేళ్లు, దగ్గు తగ్గట్లేదు. ఎంత తుడిచినా గంటలో తెల్లటి దుమ్ము.

ఇంజనీర్: దగ్గుకి పిల్లల డాక్టర్‌ని చూపించండి, దుమ్ము పక్కనే ఉంటున్నామని చెప్పండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొదటి పని చీపురు మానేయడం. పొడి చీపురుతో సన్నటి దుమ్ము లేచి గంటసేపు గాల్లోనే ఉంటుంది. తడి గుడ్డతో రోజుకి రెండుసార్లు తుడవండి, బకెట్ నీళ్లు గదికోసారి మార్చండి. దుమ్ము ఎక్కువ వచ్చేది మెయిన్ డోర్ కింద సందులోంచి, వైర్లు వెళ్లే ఎలక్ట్రికల్ షాఫ్ట్ నుంచి, బాత్రూమ్ ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి. డోర్ కింద రబ్బర్ సీల్ వేయించండి. ఎగ్జాస్ట్‌కి బయటి మూత లేకపోతే పెట్టించండి. ఏసీ ఫిల్టర్ వారానికోసారి కడగండి.

అసలు మందు కటింగ్ దగ్గరే ఉంది. గ్రానైట్‌ను నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ములో చాలా భాగం అక్కడే బురదై ఆగిపోతుంది. పొడిగా కోస్తున్నారంటే నీళ్ల పైపు లాగడానికి బద్ధకం, అంతే. కోత పని అంతా ఒకే ఫ్లాట్‌లోనో కింద సెల్లార్‌లోనో పెట్టుకోమని, తడి కటింగే చేయమని రాతపూర్వకంగా అడగండి.

న్యాయవాది: శబ్దానికి 2000 నాటి నాయిస్ రూల్స్ ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. రాత్రి పదిన్నరకి డ్రిల్లింగ్ నడుస్తుంటే తేదీ, సమయం కనపడేలా వీడియో తీసి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు.

కాలర్: లిఫ్ట్ కూడా రోజూ ఆగిపోతోంది సార్. అదే లిఫ్ట్‌లో సిమెంటు బస్తాలు ఎక్కిస్తున్నారు.

ఇంజనీర్: అందరూ బరువు వల్ల అనుకుంటారు. పదమూడు మంది ఎక్కే లిఫ్ట్ 884 కిలోలు మోస్తుంది, 50 కిలోల బస్తాలు పదిహేడు దాకా. చెడేది ఎక్కువగా తలుపు దగ్గర. గుమ్మంలో తలుపు జారే గాడి ఉంటుంది కదా, అందులో ఇసుక పడితే తలుపు పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే లిఫ్ట్ కదలదు. రోజూ సాయంత్రం ఆ గాడిని బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయించండి. రెండు లిఫ్టులుంటే ఒకటి సామానుకి, ఒకటి మనుషులకి అని బోర్డు పెట్టించండి. కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తులో ఆగి తలుపు తెరిచే ఏఆర్‌డీ పనిచేస్తోందో లేదో మెయిన్ ఆపి చూపించమనండి.

పాప గురించి ఇంకొక్కటి. మూతలేని షాఫ్టులు, బాల్కనీ రెయిలింగ్ బిగించని ఖాళీ ఫ్లాట్లు, సెల్లార్‌లో నీళ్ల సంపు, ఇవీ ప్రమాదమే. ఖాళీ ఫ్లాట్ల తలుపులకు తాళాలు లేకపోతే ఈరోజే వేయించండి.

యాంకర్: గుంటూరు నుంచి పెద్దాయన.

కాలర్: అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. హైదరాబాద్‌లో ఫ్లాట్ చూసుకుని తాళాలు తీసుకోమంటున్నాడు. ఒక్కరోజులో ఏం చూడాలి?

న్యాయవాది: ముందు జీపీఏ, అంటే అబ్బాయి తరఫున మీరు సంతకాలు పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం. అక్కడ నోటరీ చేయించి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర, వేయించాలి, లేదా ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టాలి. లోపాలు రాయించే, పొసెషన్ లెటర్ మీద సంతకం పెట్టే అధికారం ప్రత్యేకంగా రాసి ఉండాలి.

ఇంజనీర్: ఒక బకెట్, టార్చి, గోళీ, రూపాయి బిళ్ల, మాస్కింగ్ టేపు, త్రీపిన్ సాకెట్ టెస్టర్ తీసుకెళ్లండి. బిళ్లతో టైల్స్ కొట్టండి, డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు లేదని. బాత్రూమ్‌లో గోళీ వదలండి, నీళ్లు బయటికి పోయే ట్రాప్ వైపు దొర్లాలి. ప్రతి ట్రాప్‌లోనూ ఒక బకెట్ నీళ్లు గబుక్కున పోయండి. నిలబడితే పైపులో సిమెంటు పాలు గడ్డకట్టాయి. తర్వాత కనిపెడితే టైల్స్ పగలగొట్టాలి, ఇప్పుడైతే వాళ్ల ఖర్చు. బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి. తర్వాత మీ మెయిన్ ఆపి కింద మీ మీటర్ చూడండి, ఎర్ర లైటు ఇంకా మిణుకుతుంటే పక్కవాళ్ల వైరు మీ మీటర్‌కి కలిసింది.

ఒక్కరోజులో కానిది బాత్రూమ్ పాండింగ్, అంటే నీళ్లు నిలబెట్టి లీకేజీ చూడటం. ట్రాప్ మూసి రెండు అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్ గీత గీసి 48 గంటలు ఉంచాలి. కింది ఫ్లాట్ సీలింగ్ చూడాలి. ఆ ఫ్లాట్ ఖాళీగా ఉన్నప్పుడే ఇది సులువు.

యాంకర్: చివరి కాల్, నల్లగండ్ల.

కాలర్: సార్, ఫ్లష్ ట్యాంకులో మురుగు వాసన, నీళ్లు పచ్చగా. మురుగు శుద్ధి చేసి ఫ్లష్‌కి పంపే ప్లాంటు, ఎస్‌టీపీ, నడుస్తోందంటారు.

ఇంజనీర్: ఎన్ని ఫ్లాట్లు నిండాయి?

కాలర్: ఇరవై శాతం ఉంటుంది.

ఇంజనీర్: అదే కారణం. ఎస్‌టీపీలో మురుగుని తినేది సూక్ష్మజీవులు. ప్లాంటు మొత్తం ఫ్లాట్లకు సరిపోయేలా కట్టారు, వచ్చే మురుగు అయిదో వంతు. తిండి లేక జీవులు చస్తాయి, బ్లోయర్ మాత్రం గాలి కొడుతూనే ఉంటుంది. గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులు రెండుంటే ఒకటే నడపాలి, గాలి గంటలు తగ్గించాలి. బాగా నడుస్తున్న వేరే ప్లాంటు నుంచి ఒక ట్యాంకర్ స్లడ్జ్, అంటే ఆ జీవులున్న బురద, తెచ్చి పోస్తే తొందరగా కుదురుకుంటుంది. అది దొరక్క ఆవుపేడ, బెల్లం వేస్తుంటారు, కొంచెం నెమ్మది. ల్యాబ్ రిపోర్ట్ బాగా వచ్చేదాకా ఫ్లష్ లైన్‌కి మామూలు నీళ్లే ఇవ్వమనండి.

కాలర్: ఆ నీళ్లు వంటింటి కుళాయిలోకి రావు కదా?

ఇంజనీర్: ప్లంబర్ లైన్లు తారుమారు చేస్తే వస్తాయి. కొత్త భవనాల్లో ఇది చూసుకోవాల్సిందే. షాఫ్ట్‌లో మీ ఫ్లష్ లైన్ వాల్వ్ కట్టేసి, ఇంట్లో కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పండి. ఫ్లష్ ట్యాంకులు మాత్రమే నిండకూడదు, మిగతావన్నీ మామూలుగా రావాలి. ఏ కుళాయి ఆగినా దాన్ని వాడొద్దు. దాని మీద టేపు అంటించి సూపర్‌వైజర్‌ని పిలవండి.