తందాన తాన ఎందుకు లేటవుద్ది?

[స్క్రీన్ మీద ఆరు డబ్బాలు, ఒక్కోదాంట్లో ఒక కళాకారుడు. పాట పదిహేను సెకన్లు.]

ఇది మా పాటే. 2020 లాక్‌డౌన్‌లో చేశాం. దీని కింద ఇప్పటికీ అదే కామెంట్ వస్తుంటుంది: "వీడియో కాల్‌లో ఇంత బాగా ఎలా కలిపారు బాబాయ్, నెట్ ఏ కంపెనీది?"

కాల్ లేదు నాయనా. డబ్బాలు కనపడగానే కాల్ అనుకుంటే ఎలా? అవి నేను ఎడిటింగ్‌లో పేర్చినవి. మీరు వింటున్న పాటలో ఈ ఆరుగురూ ఒక్క నిమిషం కూడా ఒకే టైంలో వాయించలేదు. డప్పు ఏప్రిల్‌లో కొట్టింది, కోరస్ వచ్చేసరికి జూన్. ఇది ఇప్పటికి వందసార్లు టైప్ చేశాను, ఇక నావల్ల కాదు, అందుకే ఈ వీడియో.

బుర్రకథ తీసుకుందాం. మధ్యలో తంబూరతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. పొన్నెకల్లు నాజర్ గారు పుట్టిన జిల్లా మాది, 1986లో ఆయనకి పద్మశ్రీ కూడా ఇచ్చారు, బుర్రకథ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. నాకు కావాల్సింది ఒక్క చోటు. కథకుడు చరణం వదిలే చోట వంత "తందాన తాన" అని అందుకుంటాడు చూడండి, అది. కథకుడు ముగించాక ఆలోచించుకుని అనేది కాదది. ఆయన ఊపిరి కొసని పట్టుకోవాలి. వంత పాడటం అనే మాటని మనం తిట్టు చేసేశాం గానీ, ఎంత కష్టమైన పనో పాడినవాడికే తెలుసు.

ఇప్పుడు కథకుణ్ణి గుంటూరు అరండల్‌పేటలో, వంతని బెజవాడ సింగ్‌నగర్‌లో కూర్చోబెట్టి కాల్ కలుపుదాం. మధ్యలో ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి ఈ దూరానికి మిల్లీసెకను కూడా పట్టదు. తప్పు దూరానిది కాదు. ఫోన్ మీ గొంతుని చిన్న చిన్న మూటలు కట్టాలి, కుదించాలి. ఆ మూటలు ఏ ఊళ్లోనో ఉన్న సర్వర్‌కి వెళ్లి తిరిగి రావాలి. అవతలి ఫోన్ కూడా వెనకబడ్డ మూట వస్తుందేమోనని కాసేపు ఆగుతుంది. అన్నీ కలిపి 200 మిల్లీసెకన్లు అనుకోండి. మామూలు కాల్‌లో అది సహజమే.

మాట్లాడుకోడానికి అది లెక్కే కాదు. పాటకి? నిమిషానికి 100 దెబ్బల నడక అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 600 మిల్లీసెకన్లు. తిస్రంలో దాన్ని మూడు చేస్తే ఒక్కోటి 200. అంటే కథకుడి చరణం వంతకి సరిగ్గా ఒక చిన్న దెబ్బ లేటుగా చేరుతుంది. వంత పాపం సమయానికే "తందాన" అంటాడు, అది తిరిగి గుంటూరు చేరడానికి ఇంకో దెబ్బ. కథకుడేమో వీడు వెనకబడ్డాడని నిదానిస్తాడు. అది విని వంత ఇంకా నిదానిస్తాడు. మేం మొదటి వారం ఇదే ప్రయత్నించాం. పెళ్లి ఊరేగింపు దరువుతో మొదలైన పాట మూడో చరణానికి కాటికి సాగనంపే దరువైంది.

వేదిక మీద కూడా ఆలస్యం ఉంటుంది. గాలిలో శబ్దానికి మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఎనిమిది మీటర్ల ఎడంలో ఉన్నా సర్దుకుపోతాం. కానీ కాల్‌లో మన వంత దాదాపు 70 మీటర్ల అవతల నిలబడ్డట్టు. జనం వెనకాల, మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి తందాన అంటున్నాడన్నమాట.

"స్పీడ్ నెట్ పెట్టించుకోవచ్చుగా?" నెట్ స్పీడ్ అంటే కాలువ వెడల్పు లాంటిది. బందరు కాలువ రెండింతలు వెడల్పు చేస్తే నీళ్లు ఎక్కువొస్తాయి. బ్యారేజీ దగ్గర తలుపెత్తిన మరుక్షణం బందరులో పడవుగా!

ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కాదనను. వాటికి తీగ కనెక్షన్, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, దగ్గర్లో సర్వర్ ఉండాలి. మా డప్పు అన్నకి ఉన్నది ఒక్క ఫోను. అది కూడా పాప ఆన్‌లైన్ క్లాసు అయ్యాకే చేతికొచ్చేది.

ఇంకో తమాషా, తంబూర. ఆగకుండా ఒకేలా మోగుతుంది కాబట్టి కాల్ సాఫ్ట్‌వేర్ దాన్ని సీలింగ్ ఫ్యాన్ అనుకుని తుడిచేస్తుంది. శృతిని చెత్త కింద తీసి పారేసే యంత్రంతో సంగీతం చేద్దామంటారు మీరు!

సరే, మరి ఎలా చేశాం? ఒకరి తర్వాత ఒకరు. బాణీ ముందు హార్మోనియం మీద నేనే కట్టుకుని, రెండో శృతిలో వాయిస్ మెసేజ్ పంపాను. మొదట కథకుణ్ణి క్లిక్, అంటే లయ తప్పకుండా టిక్ టిక్ మనే చప్పుడు, చెవిలో పెట్టుకుని పాడమన్నాను. పాడారు. లయ తప్పలేదు, శృతి తప్పలేదు, కానీ కరెంటు బిల్లు చదివినట్టుంది. కారణం తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయనకి జవాబిచ్చేవాడు లేడు. నలభై ఏళ్లుగా చరణం చివర ఎవరో ఒకరు అందుకుంటారనే ధీమాతో పాడిన గొంతది.

దాంతో నేనే వంతనయ్యాను. సినిమావాళ్లు ముందు ట్రాక్ పాడించుకుంటారు చూడండి, అలా గైడ్‌లో, అంటే వింటూ పాడటానికి పంపే ట్రాక్‌లో, ప్రతి చరణం చివరా నా బొంగురు గొంతుతో "తందాన తాన", మధ్యలో "ఆహా", "అయితే ఏమైంది?" ఇరికించి పంపాను. అది ఇయర్‌ఫోన్‌లో వింటూ ఆయన మళ్లీ పాడారు. మనిషి లేచి కూర్చున్నాడు! అసలు వంతలు పాడాక నా గొంతు తీసేశాను. దూరం నుంచి జానపదం రికార్డ్ చేసేవాళ్లు ఈ వీడియోలో ఇంకేం పట్టించుకోకపోయినా, గైడ్‌లో మాత్రం ఒక దొంగ తందాన పెట్టండి.

డప్పు సంగతి వేరు. కొట్టేముందు చర్మం కాగాలి. అన్న డాబా మీద పాత పేపర్లు మంటేసి కాచి, మెట్లు దిగి గదిలోకొచ్చి, తలుపేసి, ఫ్యాన్ ఆపి కొట్టాలి. ఏప్రిల్ నెల బెజవాడలో! మూడో టేక్‌కి డప్పు గొంతు దిగిపోయేది, మళ్లీ డాబా. అందుకే ఆయనవి రెండు టేకులే తీసుకున్నాను. రెండోదాంట్లో చిర్ర పుల్ల దెబ్బ ఒకచోట జారింది, అలాగే ఉంచాను. ఎవరూ పట్టుకోలేదు, ఇప్పుడు మీరు వెతుకుతారు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో అదే డప్పు నానిపోయింది. ఆ తర్వాత చేసిన పాటలో మీరు డప్పు అనుకుంటున్నది బోర్లించిన నీళ్ల డ్రమ్ము. దానికి మంట అక్కర్లేదు, అన్నకి మాత్రం నచ్చలేదు.

అయ్యో, టైం అయిపోతోంది, మిగతావి గబగబా. వినడానికి ఒక ఫోన్, రికార్డుకి ఇంకో ఫోన్. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వద్దు, అదొక్కటే వంద మిల్లీసెకన్ల పైన తినేయగలదు, తీగదే వాడండి. మొదట్లో క్లిక్‌తో మూడు చప్పట్లు కొట్టమనండి, కలిపేటప్పుడు ఆ చప్పట్ల దగ్గర జరుపుకుంటే చాలు. వాట్సాప్‌లో ఆడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. శాంపిల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలనే లెక్క, అందరూ 48,000 పెట్టుకోండి. ఒకరు 44,100లో చేసింది 48,000 అనుకుని చదివితే హార్మోనియం మీద ఒకటిన్నర మెట్టు పైకెక్కుతుంది, గాయకుడు చిన్నపిల్లాడవుతాడు. చివర్లో అందరికీ ఒకే గది ప్రతిధ్వని, అంటే రివర్బ్, కొద్దిగా. డప్పు దెబ్బల్ని గ్రిడ్‌కి, అంటే ఎడిటింగ్‌లో కనపడే లయ గీతలకి, అతికించకండి, దయచేసి.

ఇప్పుడు నా దొంగ తందాన ఉన్న గైడ్ కాసేపు, తర్వాత అసలు పాట వినిపిస్తా. పాటలో రెండో నిమిషం దగ్గర వెనకాల కుక్కర్ విజిల్ వినపడుతుంది. అది ఎలాగో శృతిలో పడింది, అందుకే తియ్యలేదు.

[గైడ్ మొదలవుతుంది.]