కోహాలో తెలుగు పుస్తకాన్ని నమోదు చేయడం: వెతికిన పాఠకుడికి దొరికేలా

నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాఖా గ్రంథాలయాలలో పనిచేస్తూ, ఇన్నాళ్లూ అక్సెషన్ రిజిస్టరులోను, కేటలాగు కార్డుల మీద చేత్తో రాసిన వివరాలను ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కించవలసి వచ్చిన గ్రంథపాలకులకు, సహాయకులకు ఈ పాఠం ఉద్దేశించినది. ఈ రోజు ఒక్క పనే నేర్చుకుందాం. కోహాలో ఒక తెలుగు పుస్తకాన్ని ఎలా నమోదు చేయాలో చూద్దాం. ఇష్యూ, రిటర్ను, సభ్యుల ధరావత్తు వివరాలు ఎక్కించడం కొద్దిరోజుల్లో చేతికి వచ్చే పనులే. నమోదులో దొర్లిన పొరపాటు మాత్రం మన కంటికి కనిపించదు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, పాఠకుడు మాత్రం లేదనుకుని వెళ్లిపోతాడు.

కోహా ఉచితంగా లభించే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయ సంస్థ కోసం తయారై, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. అక్కడి మావోరీ భాషలో కోహా అంటే కానుక అని అర్థం.

మొదట కీబోర్డు సంగతి. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, చూడటానికి తెలుగే అయినా, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. దానిని కోహాలో అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి యూనికోడ్ తెలుగులోనే టైపు చేయాలి. విండోస్ సెట్టింగులలో భాషల విభాగానికి వెళ్లి తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది; ఉచ్చారణను బట్టి టైపు చేయడం అలవాటైనవారు ఫొనెటిక్ కీబోర్డును ఎంచుకోవచ్చు. విండోస్ మీటను, స్పేస్ బార్‌ను కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఇక్కడ కొంచెం నిదానించాలి. తెలుగులో సున్న, అంటే పూర్ణానుస్వారం వేరు; తెలుగు అంకెలలోని సున్న వేరు. అచ్చులో రెండూ దాదాపు ఒకేలా గుండ్రంగా ఉంటాయి గాని, కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు గుర్తులు. గ్రంథం అనే మాటలో అనుస్వారానికి బదులు అంకె పడిందంటే, సరిగ్గా టైపు చేసి వెతికినవారికి ఆ పుస్తకం ఎన్నటికీ దొరకదు. విసర్గ విషయమూ అంతే. దుఃఖం అనే మాటలో విసర్గకు బదులుగా ఇంగ్లీషు కోలన్ పెట్టడం చాలామందికి అలవాటు; ఆ అలవాటును ఇక్కడితో మానుకోవాలి. మరెక్కడి నుంచో కాపీ చేసి అతికించిన పేర్లలో పొల్లు తరువాత కంటికి కనబడని గుర్తులు కూడా దాగి ఉంటాయి కాబట్టి, పుస్తకం పేరును, రచయిత పేరును స్వయంగా టైపు చేయడమే క్షేమం.

ఇప్పుడు కోహాలో సిబ్బంది పేజీ తెరిచి, కేటలాగింగ్ విభాగంలో న్యూ రికార్డ్ నొక్కుదాం. రికార్డులో పేరు, రచయిత వంటి ఒక్కొక్క వివరానికి మూడంకెల సంఖ్య గల ఒక్కొక్క గడి ఉంటుంది; దానినే ఫీల్డు అంటారు. పుస్తకం వెనుక ఐ.ఎస్.బి.ఎన్. ఉంటే 020 ఫీల్డులో వేయండి. 2007 నుంచి అది 13 అంకెల సంఖ్య. అంతకు ముందటి పుస్తకాలపై 10 అంకెలే ఉంటాయి. మన బీరువాలలోని పాత తెలుగు పుస్తకాలకు చాలావాటికి ఆ సంఖ్యే ఉండదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట ఉన్న తొలినాళ్ల ముద్రణలకైతే ఉండే అవకాశమే లేదు. అలాంటప్పుడు ఆ ఫీల్డును ఖాళీగా వదిలేయాలి.

జెడ్39.50 అనే పద్ధతిలో ఇతర గ్రంథాలయాల రికార్డులను దిగుమతి చేసుకునే వీలు కోహాలో ఉంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి తెలుగు పుస్తకాల రికార్డులు కూడా వస్తాయి గాని, వాటిలో పేర్లు చాలావరకు రోమన్ లిపిలో ఉంటాయి. రెండో లిపి కోసం 880 అనే ఫీల్డు ప్రమాణాలలో ఉన్నప్పటికీ, చిన్న శాఖా గ్రంథాలయంలో తెలుగు పేరునే పుస్తకం పేరుకు ఉద్దేశించిన 245లో పెట్టి, రోమన్ రూపాన్ని ఇతర రూపాలకు ఉద్దేశించిన 246లోకి మార్చడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మన పాఠకుడి కంటికి ముందుగా కనబడవలసింది తెలుగే.

245లో పేరును ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టుగా రాయాలి. శ్రీమదాంధ్ర మహాభారతము అని అచ్చయి ఉంటే అలాగే రాసి, వాడుకలో ఉన్న ఆంధ్ర మహాభారతం, మహాభారతం అనే రూపాలను 246లో చేర్చండి. ప్రచురణ వివరాలు 264లో, పుటల సంఖ్య 300లో వేయాలి. పాత పుస్తకాల మీద శాలివాహన శకం మాత్రమే ఉంటే 78 కలపండి: శా.శ. 1850 అంటే స్థూలంగా 1928. డ్యూయీ పద్ధతిని పాటించే గ్రంథాలయమైతే తెలుగు సాహిత్యానికి 894.827 వర్గ సంఖ్య.

ఇక రచయిత పేరు. నేను మునుపు పనిచేసిన ఒక గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయి హరివంశం కోసం వచ్చి, కంప్యూటరులో ఎర్రన అని వెతికింది. ఏమీ రాలేదు. లేదని చెప్పి పంపించాం. కొన్నాళ్లకు బీరువా సర్దుతుంటే ఆ పుస్తకం చేతికి తగిలింది. రికార్డు తెరిచి చూస్తే బండి ఱతో ఎఱ్ఱన అని ఉంది. నమోదు చేసినవారి తప్పు కాదు, ముఖపత్రం మీద అలాగే ఉంది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆ సంగతి గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దీనికి పరిష్కారం కోహాలోనే ఉంది. ఒకే వ్యక్తికి ఉన్న పేర్లన్నిటినీ ఒకచోట కలిపి ఉంచే అథారిటీస్ విభాగంలో కొత్తగా ఒక వ్యక్తి పేరును సృష్టించి, 100 ఫీల్డులో మనం స్థిరపరచుకున్న రూపాన్ని, అంటే ఎర్రన అని రాద్దాం. ఎఱ్ఱన, ఎర్రాప్రగడ, ఎఱ్ఱాప్రెగడ, శంభుదాసుడు అనే మిగిలిన రూపాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క 400 ఫీల్డు చేర్చాలి. మన నెల్లూరు తిక్కనకూ అంతే: తిక్కన అని స్థిరపరచి, తిక్కన సోమయాజి, కొట్టరువు తిక్కన, కవిబ్రహ్మ అనేవాటిని 400లలో పెట్టండి. తరువాత పుస్తకం రికార్డుకు తిరిగివచ్చి, 100 ఫీల్డు పక్కనున్న చిన్న గుర్తును నొక్కి, ఆ అథారిటీని ఎంచుకోవాలి. పేరును మళ్లీ చేత్తో టైపు చేయకూడదు. 400లలోని పేర్లతో వెతికినా పుస్తకం దొరకాలంటే సిస్టమ్ ప్రిఫరెన్సులలో ఇంక్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్ అనే అమరికను మార్చి, సూచికను, అంటే వెతుకులాటకు ఆధారమైన ఇండెక్సును తిరిగి నిర్మించాలి. ఈ రెండూ సర్వరు చూసుకునేవారి పనులు కాబట్టి వారిని అడిగి చేయించుకోండి. సూచిక తెలుగుకు అనువైన ఐ.సి.యు. పద్ధతిలో ఉందో లేదో కూడా అదే సమయంలో అడగండి.

ఇంటిపేరు ఉన్న రచయితల విషయంలో 100 ఫీల్డు మొదటి ఇండికేటరు, అంటే ఫీల్డు సంఖ్య పక్కన వేసే అంకె 1, తిక్కన వంటి ఒంటిపేర్లకు 0. కనకపుష్యరాగం అనే ఆత్మకథ రాసిన పొణకా కనకమ్మ గారిని పొణకా, కనకమ్మ అని నమోదు చేయాలి. తెలుగులో ఇంటిపేరు ముందే వస్తుంది కాబట్టి పేరును తిరగవేయవలసిన పని లేదు, కామా ఒక్కటే చేరుతుంది. ణకారానికి బదులు నకారంతో వెతికేవారి కోసం పొనకా అనే రూపాన్ని 400లో తప్పక చేర్చండి.

రికార్డును సేవ్ చేయగానే ఐటమ్ పేజీ వస్తుంది. అక్కడ శాఖ పేరు, కాల్ నంబరు, బార్‌కోడ్ వేసి, ఒక ప్రతిని చేర్చండి. అక్సెషన్ రిజిస్టరులోని సంఖ్యనే బార్‌కోడ్‌గా వాడితే పాత రిజిస్టరుకు, కొత్త రికార్డుకు పొంతన తెగిపోదు.

చివరిగా పరీక్షించాలి, అదీ టైపు చేసిన కంప్యూటరులో కాదు. మీ ఫోనులో పాఠకుల వెతుకులాట పేజీని తెరిచి, ఫోను కీబోర్డుతో పుస్తకం పేరును ఒకసారి, రచయిత పేరును ముఖపత్రం మీది రూపంలో ఒకసారి, వాడుక రూపంలో ఒకసారి కొట్టి చూడండి. సూచిక తాజా కావడానికి కొద్ది నిమిషాలు పట్టవచ్చు. మూడుసార్లూ పుస్తకం కనబడితే బార్‌కోడ్ స్టిక్కరు అంటించి, దానిని బీరువాలో పెట్టండి; ఒక్కసారి కనబడకపోయినా రికార్డును తిరిగి తెరిచి, ముందు సున్నలను, తరువాత రచయిత పేరును సరిచూడండి.