పసుపు వెనక పియానో

[తెర మీద: పెయింటింగ్ మొత్తం]

ఈ బొమ్మను పది సెకన్లు చూడండి. నేను మాట్లాడను.

[పది సెకన్లు నిశ్శబ్దం]

ఏం కనబడింది? వరదలా పొంగిన పసుపు, పైన ఒక పెద్ద నల్ల ముద్ద, ఎడమ పక్కన ఒంగిన రంగు మచ్చలు. ఇది రష్యన్ చిత్రకారుడు వసీలీ కాండిన్‌స్కీ 1911లో వేసిన ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’. మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఆ నలుపు ఏమిటో నాకు చాలాకాలం అంతుబట్టలేదు.

[నల్ల చాక్ స్కెచ్]

ఇప్పుడిది చూడండి. అదే కచేరీ మీద ఆయన గబగబా గీసుకున్న స్కెచ్. మూత ఎత్తిన పియానో, దాని ముందు జనం తలలు, వీపులు.

[రెండూ పక్కపక్కన]

ఆ నల్ల ముద్ద పియానో! ఆ మచ్చలు ముందుకు ఒంగి వింటున్న శ్రోతలు. మరి పసుపు? స్కెచ్‌లో దాని జాడే లేదు. నా దృష్టిలో అది హాలంతా నిండిన నాదం.

1911 జనవరి 2న మ్యూనిక్‌లో స్వరకర్త ఆర్నల్డ్ షోన్‌బర్గ్ సంగీత కచేరీ జరిగింది. కాండిన్‌స్కీ, ఆయన సహచరి అయిన చిత్రకారిణి గాబ్రియెలె మ్యూంటర్, చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ మరికొందరు మిత్రులతో వెళ్లారు. మన కచేరీలో శ్రుతిపెట్టె ఆపేసి పాడితే ఎలా ఉంటుందో ఊహించండి. అందులో కొంత, స్వరాలు తిరిగి చేరే ఇల్లంటూ లేని సంగీతం. అప్పటిదాకా పరిచయమే లేని షోన్‌బర్గ్‌కు కాండిన్‌స్కీ అదే నెల 18న ఉత్తరం రాశాడు.

కాండిన్‌స్కీలాంటి ఎక్స్‌ప్రెషనిస్టులు, అంటే కంటికి కనిపించేదాని కన్నా లోపలి అనుభూతిని చిత్రించినవారు, ఆవేశంలో రంగులు గుమ్మరించేవారని చాలామంది అనుకుంటారు. ఈ కాగితం చూశాక ఆ మాట అనలేం. ముందు కళ్లతో చూసినదంతా గీసి, అందులో ఏది వదిలేయాలో ఆ తర్వాత తేల్చుకున్నాడు. పెయింటింగ్ ఉన్న మ్యూజియాలు దాని స్కెచ్ కోసం అంతగా వెతికేది ఇందుకే. దొరికినా ఏడాది పొడుగునా గోడకు పెట్టలేవు. వెలుతురు కాగితాన్ని పాడుచేస్తుంది కాబట్టి కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో భద్రం చేస్తారు.

[పటం: మ్యూనిక్, పారిస్]

ఈ పెయింటింగ్, స్కెచ్‌ల జంట మాత్రం విడిపోయింది. స్కెచ్ పారిస్‌లో, పాంపిడూ సెంటర్ మ్యూజియం దగ్గరుంది. 1914లో యుద్ధం రాగానే రష్యా పౌరుడైన కాండిన్‌స్కీ జర్మనీ వదలాల్సి వచ్చింది. ఎన్నో బొమ్మలు మ్యూంటర్ దగ్గరే ఉండిపోయాయి. ఇలాంటి కళను నాజీలు ‘దిగజారిన కళ’ అని వేటాడుతుంటే, ఆమె వాటిని మ్యూనిక్‌కు దక్షిణాన ఉన్న ముర్నావ్ ఊళ్లోని తన ఇంటి నేలమాళిగలో దాచింది. 1957లో, తన 80వ పుట్టినరోజు సందర్భంగా, వెయ్యికి పైగా కళాకృతులను మ్యూనిక్ నగరానికి ఇచ్చేసింది. ఆ చేతికి దణ్ణం పెట్టాలి.

[‘కంపోజిషన్ 7’]

లెన్‌బాఖ్‌హౌస్‌లోనే దీనికి తలకిందులైన కథ ఒకటుంది. 1913 నాటి ‘కంపోజిషన్ 7’ స్కెచ్‌లు చాలా అక్కడున్నాయి. 2 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పున్న అసలు పెయింటింగ్ మాస్కోలోని ట్రెట్యకోవ్ గ్యాలరీలో ఉంది. దాన్ని కాన్వాసు మీద 4 రోజుల్లో పూర్తిచేశాడు. అంతకుముందు వేసుకున్న స్కెచ్‌లు 30కి పైనే.