చిన్నపిల్లలు రోజుకు ఎంతసేపు టీవీ చూడవచ్చు?

శ్రోతలకు నమస్కారం. ఐదేళ్ల లోపు పిల్లలు రోజుకు ఎంతసేపు టీవీ చూడవచ్చన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకాలు రెండేళ్లు నిండని బిడ్డలకు టీవీ చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వయసు వారికి రోజుకు గంట దాటనివ్వవద్దని, ఆ గంట కూడా ఎంత తగ్గితే అంత మంచిదని చెబుతున్నాయి. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పెట్టిన హద్దు కూడా దాదాపు ఇదే. టీవీకి ఒక గంట, ఫోనుకు మరొక గంట అని లెక్క వేసుకోకూడదు. రెండూ కలిపి గంట.

రెండేళ్ల లోపు ఎందుకు వద్దంటున్నారో తెలియడానికి ఒక ప్రయోగం గురించి చెబుతాను. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధన అది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లల ఎదుట చైనా మాండరిన్ భాష మాట్లాడేవారు కూర్చుని, పుస్తకాలు చదువుతూ, బొమ్మలు చూపిస్తూ వాళ్లను ఆడించారు. కొద్ది వారాల్లోనే ఆ పసివాళ్లు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు. అవే మాటలను తెర మీద చూపించిన పిల్లలకు మాత్రం ఏమీ పట్టుబడలేదు. మాటలు వస్తాయని పాటల వీడియోలు పెట్టి బిడ్డను దాని ముందు వదిలేసే తల్లిదండ్రులు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. బిడ్డ “త్త” అన్నప్పుడు “అత్తా? అత్త వచ్చిందా?” అని తిరిగి అడిగే మనిషి దగ్గర ఉండాలి. ఎవరూ చూడకపోయినా మోగుతూ ఉండే టీవీ కూడా, పెద్దలు పిల్లలతో ఆడే మాటలను తగ్గించేస్తుందని పరిశోధనల్లో తేలింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది అన్నం వేళ. కావలిలో గానీ, కోవూరులో గానీ, సింగరాయకొండలో గానీ సాయంత్రం ఏడింటికి చాలా ఇళ్లలో మూడేళ్ల పిల్లవాడు గోడకు ఆనుకుని తెర వైపే చూస్తూ ఉంటాడు. అవ్వ పప్పన్నం ముద్ద పెదవికి తాకిస్తే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది. “నమలు అబ్బయా” అంటే దవడ రెండుసార్లు కదిలి మళ్లీ ఆగిపోతుంది. గిన్నె ఖాళీ అయిందని అవ్వకు తృప్తిగానే ఉంటుంది గానీ, తాను తిన్నది పప్పో చారో ఆ పిల్లవాడికి తెలియదు. కడుపు నిండిందని గుర్తించి “ఇంక చాలు” అనడం అతనికి అలవడదు. కొన్నాళ్లకు టీవీ పెట్టనిదే ముద్ద ముట్టని స్థితి వస్తుంది. అందుచేత ఆ గంటను రోజులో ఎప్పుడైనా ఇవ్వండి గానీ, అన్నం దగ్గర మాత్రం ఇవ్వకండి. పడుకోబోయే ముందు కూడా వద్దు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

టీవీ పెట్టిన అవ్వను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. టంగుటూరు, కందుకూరు ప్రాంతాల్లో తల్లి పొగాకు గ్రేడింగుకు వెళ్తే, మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ పరుగెత్తే పిల్లవాడిని రోజంతా పట్టుకోలేదు. రోహిణి కార్తె ఎండలకు పిల్లలను బయటికి పంపడమూ కుదరదు. అలాంటప్పుడు చిక్కుడుకాయల ఈనెలు తీయడం, ఆరిన బట్టలు మడత పెట్టడం వంటి పనుల్లో పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు; ఒక పలక, బలపం ఇచ్చినా కొంతసేపు గడిచిపోతుంది. చల్లబడ్డాక వీధిలో ఆడుకోనివ్వాలి. ఈ వయసు పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలైనా ఒళ్లు కదిలించి ఆడాలని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇప్పటికే మూడు, నాలుగు గంటలు చూస్తున్న పిల్లలకు ఒక్కరోజులో ఆపేస్తే ఇల్లంతా ఏడుపే అవుతుంది. ముందుగా భోజన సమయంలో ఆపండి, తరువాత నిద్రకు ముందు, ఆపైన మిగతా వేళల్లో తగ్గించండి. “ఈ కార్యక్రమం అయిపోగానే కట్టేస్తాం” అని ముందే చెప్పి, అది ముగియగానే కట్టేయండి. అమ్మ కట్టేస్తే నాన్న పెట్టడం, నాన్న కాదంటే తాత ఫోను ఇవ్వడం జరిగితే ఈ ప్రయత్నం నిలవదు. సీరియళ్లయినా, క్రికెట్టయినా పిల్లలు నిద్రపోయాకే పెద్దలు శబ్దం తగ్గించి చూసుకోవలసి ఉంటుంది.