నరం మీద గడ్డ ఉంటే 24 గంటల మూత్రపరీక్ష ఎందుకు?

నమస్కారం. కడపలో మా ల్యాబ్‌కు వచ్చేవారి చేతికి మూత్రం పట్టి తెచ్చే ఈ పెద్ద క్యాను ఇవ్వగానే, "గడ్డ చేతిలో ఉంటే మూత్రం ఎందుకండీ?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

నరాల పొరలో పుట్టే ష్వానోమా, న్యూరోఫైబ్రోమా గడ్డలు హార్మోన్లు తయారు చేయవు. వాటి జాడ మూత్రంలో దొరకదు. వాటి సంగతి ఎమ్మారై, అవసరమైతే బయాప్సీ తేలుస్తాయి. కానీ ఒంటి మీద మెత్తని గడ్డలతో పాటు పాలకాఫీ రంగు మచ్చలు కూడా ఉంటే డాక్టర్లు న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకాన్ని అనుమానిస్తారు. ఈ జన్యువ్యాధి ఉన్న కొందరికి మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే మరో గడ్డ పెరుగుతుంది. బీపీని పెంచే అడ్రినలిన్, నారడ్రినలిన్ హార్మోన్లను వదిలేది అదే. అది ఉందని తెలియక మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణం మీదికి రావచ్చు. ఈ వ్యాధితో పాటు బీపీ కూడా ఉన్నవారు పరీక్ష కాకుండా ఆపరేషన్‌కు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

మరి ఆ హార్మోన్లనే కొలవవచ్చు కదా? గడ్డ వాటిని ఉండుండి వదులుతుంది. మనం చూసే వేళకు అది ఊరుకుని ఉంటే ఏమీ లేనట్టే కనిపిస్తుంది. గడ్డ కణాల లోపల మాత్రం ఆ హార్మోన్లు మెటానెఫ్రిన్లుగా మారడం రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది. ఈ మూత్రపరీక్షలో కొలిచేది ఆ మెటానెఫ్రిన్లనే. బీపీ మామూలుగా ఉన్న రోజున కూడా గడ్డను పట్టించేవి అవే.

ఇక సేకరణ. ఉదయం 6 గంటలకు మొదలుపెడితే అప్పటి మూత్రాన్ని పారబోయండి. ఆ తర్వాతిదంతా, మర్నాడు 6 గంటలకు పోసేదానితో సహా, క్యానులో చేరాలి. ఒక్కసారి తప్పినా లెక్క తప్పుతుంది. క్యాను అడుగున కనిపించే ఈ కొద్దిపాటి ద్రవం ఆమ్లం. దాన్ని పారబోయకండి, నేరుగా క్యానులో పోయకండి. ముందు మగ్గులో పట్టి నెమ్మదిగా ఒంపండి. మన కడప ఎండకు క్యాను ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. ఫ్రిజ్ లేకపోతే ఐసుగడ్డల టబ్బులో పెట్టండి.

పులివెందుల అరటిపళ్లు ఇంట్లో గెలలుగా ఉన్నా, ముందు రోజు నుంచి పరీక్ష ముగిసేదాకా ముట్టుకోకండి. అరటిలో సహజంగానే నారడ్రినలిన్, దాని కోవలోదే అయిన డోపమైన్ ఉంటాయి కాబట్టి ఫలితం తప్పవచ్చు. కాఫీ కూడా వద్దు.

క్యానుతో పాటు మీరు వాడే మందుల చీటీ తీసుకురండి. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు ఫలితాన్ని పెంచి చూపుతాయి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరును అడగండి.