రిస్క్‌-ఫైవ్ డీకోడర్: 21 క్లాకులు 23 ఎందుకయ్యాయి?

నమస్కారం. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. కాలువ గట్టు మీద ధాన్యం ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడు వినిపిస్తే మన్నించండి.

ఈ రోజు మన రిస్క్‌-ఫైవ్ ప్రాసెసరుకు డీకోడర్, అంటే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ (ఆదేశం) బిట్లను విప్పి ఏం చేయాలో తేల్చే భాగం, రాద్దాం. బర్కిలీలో 2010లో మొదలైన ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌కు లైసెన్సు రుసుము లేదు. ఐఐటీ మద్రాసు ‘శక్తి’ ప్రాసెసర్లూ దీని మీద కట్టినవే. మనకు మూలభాగం ఆర్‌వీ32ఐ చాలు. అందులో గుణకారం కూడా ఉండదు. ఇంట్లో కట్టుకునే ప్రాసెసరుకు ఆ పేదరికమే మేలు.

తెర మీద చూడండి. ఇన్‌స్ట్రక్షన్‌కు 32 బిట్లు, కుడి చివర నుంచి 0 మొదలు 31 దాకా. చదవవలసిన రిజిస్టర్ల (ప్రాసెసరు లోపలి చిన్న గళ్ల) సంఖ్యలు ఉంటే 19–15, 24–20 బిట్లలోనే ఉంటాయి, చోటు మారదు. తూము ఎత్తి బోదెలోకి నీరు వదిలాక, ఏ మడికి పెట్టాలో తరువాత చూసుకుంటాం కదా? అలాగే ఇన్‌స్ట్రక్షన్ ఏదో తేలకముందే రిజిస్టర్లు చదివేయండి. అక్కరలేకపోతే వదిలేద్దాం.

ఇక నేను రెండు రాత్రులు పోగొట్టుకున్న చోటు. ఎక్స్‌5 అనే రిజిస్టరులో 10 పెట్టి, ఒకటి తీసేసి, సున్నా కాకపోతే 4 బైట్లు వెనక్కి దూకే ప్రోగ్రాం ఇది. మూడు ఇన్‌స్ట్రక్షన్ల చిరునామాలు 0, 4, 8; ఆ దూకేదే బ్రాంచి. క్లాకుకు ఒక ఇన్‌స్ట్రక్షన్ చొప్పున, మొదటిది ఒకసారి, మిగతా రెండూ పదేసి సార్లు, మొత్తం 21 క్లాకులు (ప్రాసెసరు గడియారపు టిక్కులు) పట్టాలి. 23 పట్టింది. జవాబు మాత్రం సరిగ్గా సున్నా! తప్పు జవాబే వచ్చి ఉంటే ముందే దొరికేది.

వేవ్‌ఫారంలో ప్రోగ్రాం కౌంటరు, అంటే నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ చిరునామా, చూడండి. 8 తరువాత 4 రావలసిన చోట 5 ఉంది. మైనస్ 4 కాస్తా మైనస్ 3 అయింది. నా మెమరీ చిరునామాలోని చివరి రెండు బిట్లను పట్టించుకోదు. 5 అడిగినా 4లో ఉన్నదే ఇచ్చి తప్పును కప్పిపెట్టింది. అలా దూకు దూకుకూ ఒకటి పెరిగి 5, 6, 7 తరువాత 8కి, అంటే మళ్లీ బ్రాంచి మీదికే, దూకింది. అలా రెండు సార్లు జరిగింది, ఆ రెండే ఎక్కువ క్లాకులు.

స్టోర్‌కు (మెమరీలో రాసే ఇన్‌స్ట్రక్షన్‌కు) దూరం బిట్లను పేర్చడానికి రాసిన లైనునే బ్రాంచికీ అతికించాను, అదీ సంగతి. స్టోర్‌లో 7వ బిట్ అంటే దూరం సంఖ్యలో చివరి బిట్. బ్రాంచి దూరం ఎప్పుడూ సరిసంఖ్యే కనుక ఆ చివరి బిట్ సున్నా అని ముందే తెలుసు. ఆ ఖాళీలో దూరం తాలూకు 11వ బిట్‌ను పెట్టారు. మన మైనస్ 4లో అది 1, అదే చివరి బిట్‌గా చేరి మైనస్ 3 అయింది. ముందుకు వేసే చిన్న దూకుల్లో అది సున్నాయే, అందుకే నా తొలి పరీక్షలన్నీ నెగ్గాయి. చూడగానే చిందరవందరగా అనిపిస్తుంది కానీ, ప్లస్-మైనస్ గుర్తు బిట్ 31లోనే, మిగతావి 30–25, 11–8లోనే కదలకుండా ఉన్నాయి. తీగలు మార్చవలసింది 7 ఒక్కదానికే.

సరిదిద్దుదాం: 31వ బిట్ ఇరవై సార్లు, తరువాత 7, 30–25, 11–8, చివర సున్నా. లెక్కపెట్టండి, 32. నడిపిస్తున్నాను... 21.

మీరు 2048 బైట్లు ముందుకు దూకే బ్రాంచినీ పరీక్షించండి. నా పాత లైనులో అది 1 అవుతుంది.